ఆదివారం పడవ

ఇర్వింగ్, నవంబర్ 6

చిట్టితల్లి సంహితకు,

ఇర్వింగ్ పట్టణ వంటింటి ప్రభుత్వము వారు డప్పు కొట్టి తెలియజేయునదేమనగా: ఈ ఉదయము నుండి కందిపొడి సీసా మూత కనబడుట లేదు. మీ అమ్మగారే నిందితురాలు. విచారణ జరుగుచున్నది.

నవ్వావా? ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. అందుకే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపుతున్నాను.

బ్రిటనీ అనే ఫ్రెంచి తీరానికి ఎదురుగా రెండొందల మందే ఉండే, ఒక్క కారూ లేని దీవి మీది. చలికాలం రోజుకు ఒకటే పడవ, గాలి లేస్తే అదీ రాదు. అక్కడి ఆడవాళ్ళే నెలలు నిండకముందే అవతలి ఒడ్డుకి పోయి గది తీసుకుంటారని నువ్వే చెప్పావు. నువ్వు మాత్రం దీవిలోనే కంటానంటావు. నీ మొగుడు యాన్‌ని అడిగితే "ఆమె ఇష్టం అంకుల్" అన్నాడు. మామని అంకుల్ అనేవాణ్ణి ఏం నమ్మను?

వద్దామంటే గ్రీన్‌కార్డ్ పెండింగ్. ఇప్పుడు దేశం దాటితే మళ్ళీ రానివ్వరన్నాడు లాయరు. పొద్దున్నే మీ దీవి వెదర్ చూడ్డం, తర్వాత స్వీట్‌షాప్‌లో జిలేబీలు మాడ్చడం, ఇదే నా పని. నిన్న ఓనర్ కేశవరావుగారు "హనుమయ్యా, ఇవి జిలేబీలా, బొగ్గులా?" అన్నారు. "గాలి ఎక్కువగా ఉంది సార్" అన్నాను. పాపం, ఏసీ కట్టేశారు.

ఇన్నాళ్ళూ దాచింది చెబుతున్నాను. నీకంటే ముందు నీకో అన్న పుట్టాడు, మన గోదారి లంకలో. వరద. అమ్మకి నొప్పులు మొదలయ్యాయి. మూడు గంటలు రేవులో నిలబడ్డాం, పడవ రాలేదు. వాడు పుట్టాక ఏడవలేదు. సూర్యం అని పిలుచుకున్నాం. అమ్మని అడగకు, తట్టుకోలేదు.

ఆదివారం పడవెక్కు తల్లీ. ఇక్కణ్ణుంచి నేను చేయగలిగింది ఈ అడగడమే.

నీ నాన్న
హనుమయ్య


ఇర్వింగ్, నవంబర్ 23

అమ్మడూ,

నువ్వు దాటిన మర్నాడే తుఫాను లేచి ఐదు రోజులు పడవల్లేవని యాన్ చెప్పాడు. ఆసుపత్రి ఫొటోలో మనవణ్ణి చూశాను. ముక్కు నాదే, వాడి ఖర్మ.

నిన్న మీ అమ్మకి ఫోన్ చేసి ఏడ్చావు. "బాధపడకమ్మా, వీడికి సూర్యం అన్నయ్య పేరే పెడతాం" అన్నావు. "ఎవడే ఆ సూర్యం?" అంది అమ్మ. ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. చేతిలో అట్లకాడ ఉంది.

నన్ను తిట్టు. ఏడాదిపాటు మాట్లాడకు. వాడికి ఆ పేరు మాత్రం వద్దు. వరద నిజం. మూడు గంటలు నిజం. నొప్పికి మీ అమ్మ నా భుజం కొరికింది, అదీ నిజం. కానీ పడవ వచ్చింది. అవతలి ఒడ్డున పుట్టింది నువ్వు.

నీకు అన్న లేడమ్మా. వాణ్ణి నేనే పుట్టించాను, నేనే చంపుకున్నాను.

అబద్ధాలకోరు
నాన్న