అక్క మొక్కు, నా చీకులు

చంద్రపూర్

అక్కకు,

నమస్కారం. నువ్వూ బావా ఎట్లా ఉన్నారు? అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? సెలవులు కదా, చిన్నది ఇల్లు పీకి పందిరేస్తోందా? నేనిక్కడ బాగానే ఉన్నాను. ఎంత బాగున్నానో చెప్పాలంటేనే సిగ్గుగా ఉంది. ఫోన్‌లో నీ గొంతు వినగానే మాట దాటేస్తున్నాను, అందుకే రాస్తున్నాను.

మన మంచిర్యాల ఎండను తిట్టుకున్నందుకు ఇక్కడికొచ్చి చెంపలేసుకున్నాను. కూలర్ గాలి కూడా వేడిగానే వస్తుంది. గదిలో ఒక్కడినే కాబట్టి ఆదివారాలు పొద్దుపోదు. పని మాత్రం బాగుంది. బొగ్గు లారీలు నడిపే సేఠ్ దగ్గర ఆఫీసు పని, రోజంతా కుర్చీలోనే.

వచ్చిన కొత్తలో మధ్యాహ్నం తిండికే ఇబ్బంది పడ్డాను. చుట్టుపక్కల హోటళ్లలో కూరంటే పైన తేలే ఎర్రటి నూనే. ఒకరోజు పొగ వాసన పట్టుకుని వెనక గల్లీలోకి వెళితే రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, బొగ్గుల మీద ఇనుప ఊచలకు గుచ్చిన చీకులు! కాల్చేది మనవాడే, రాజన్న. వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి గనుల్లో పనికి వచ్చాడట. నేను తెలుగులో మాట్లాడగానే "అరె, మనోనివేనా! కూసో భావూ, వేడివేడిగ తీస్త" అన్నాడు. భావూ అంటే ఇక్కడి మరాఠీలో తమ్ముడూ అని. మాంసం మీద నిమ్మకాయ పిండి, ఉల్లిగడ్డ ముక్కలు, పల్చటి రొట్టె ఇచ్చాడు. అక్కా, మొదటి ముక్కకే నువ్వు గుర్తొచ్చావు. ముక్క లేనిదే ముద్ద దిగనిదానివి, నా ఉద్యోగం ఖాయమయ్యేదాకా నీసు ముట్టనని ఎల్లమ్మకు మొక్కుకున్నావు. గుర్తొచ్చినా నేను ఆగలేదు. రోజూ వెళ్లాను.

ఇక అసలు సంగతి. కాళ్లు పట్టుకుని చెబుతున్నా. పోయిన గురువారం సేఠ్ పిలిచి నా ఉద్యోగం ఖాయమని చెప్పాడు. ఆ సంతోషంలో ఆఫీసు వాళ్లందరినీ వెంటేసుకుని తిన్నగా రాజన్న దగ్గరికి వెళ్లి, పొట్ట పగిలేలా తిన్నాను. నీకు చెప్పాలన్న సంగతే మర్చిపోయాను. సాయంత్రం గుర్తొచ్చింది, రేపు చెబుదామనుకున్నాను. ఆ రేపు కూడా అట్లాగే గడిచింది.

ఆదివారం మామ కూతురి పెళ్లి నుంచి నువ్వే ఫోన్ చేశావు. "మటన్ మస్తుగైందంటున్రు తమ్మీ. నేను పప్పు ఏస్కొని తిన్న. నీ నౌకరి పక్కా కానియ్యి, అప్పుడు ఇద్దరం కూసొని తిందాం" అన్నావు. నవ్వుతూనే అన్నావు. నేను "సరే అక్కా" అని పెట్టేశాను. అప్పటికే నీ మొక్కు ఫలించింది, ఆ సంగతి నీకు తప్ప ఇక్కడ అందరికీ తెలుసు. నీ నోటి దగ్గర ముద్ద నేనే తీసేశాను.

ఆ రోజు నుంచి రాజన్న దగ్గర రొట్టె, ఉల్లిగడ్డలే తింటున్నాను. "ఏంది భావూ, పానం బాలేదా?" అని అడిగితే జరిగింది చెప్పాను. విసనకర్ర పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "అక్కకు తెల్వకుంటనే దావత్ చేస్కున్నవా? ఈ ఊసలు తీస్కపో. నీ చేతుల్తోని కాల్చి పెట్టు" అని ఇనుప ఊచలు కట్టిచ్చాడు.

వాళ్ల బామ్మర్ది రేపు పాసింజర్‌కు మంచిర్యాల వస్తున్నాడు, ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. ఆదివారం నేనూ వస్తున్నాను. బావను ఒక కోడిపుంజు చూడమను. ఎల్లమ్మకు చెల్లించాక పెరట్లో నిప్పులు నేనే రాజేస్తాను. నువ్వు అల్లం వెల్లుల్లి నూరిపెడితే చాలు. అడిగే మొహం లేదు గానీ, తిరిగొచ్చేటప్పుడు కొంచెం మామిడికాయ తొక్కు కట్టివ్వు.

బావకు, అత్తమ్మకు నా దండాలు. చిన్నదానికి ముద్దులు. నన్ను దీవించమని ఎట్లా అడగను? అయినా నీ దీవెన లేకుండా నాకేదీ కలిసిరాదు. నువ్వు తినేదాకా నేను ముట్టను. అందరిముందు ఎంత తిట్టినా పడతాను. కానీ రెండు ముక్కలు తిన్నాకే మొదలుపెట్టక్కా. నా కోసం ఇప్పటికే చాలా రోజులు నోరు కట్టుకున్నావు.

నీ తమ్ముడు,
శ్రీను