రోజుకు మూడు షెకెలు లెక్కలు

19 సెప్టెంబర్ 2011, సోమవారం
అయ్యగారూ, వందనాలు. నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులు బోలెడు. మన్నించి చదవండి. ఫోనులో నాకు నోరు పెగలదు. మీరు చెప్పిన పని రోజూ ఈ డైరీలో రాస్తాను.
మీ చీటీ: షెకెలు 11.4 గ్రాములు. మీనా యాభై షెకెలులు. తలాంతు మూడు వేలు.
బైబిలు వాక్యంలోని తూకాలు కిలోల్లోకి మార్చాలి. రోజుకు మూడు. శనివారానికి పద్దెనిమిది! పటం రాసేది నేను, ఆదివారం మందిరంలో చెప్పేది మీరు. తెలంగాణ సమ్మెకు సేటు దుకాణం బంద్. నలభై ఏళ్లుగా అక్కడ ధాన్యం తూచే దడ్వాయిని, ఈ లెక్కలెంత!
ఉదయం 6: వడిసెల రాయికి కూలిన మహాకాయుడి రాగి కవచం, 5,000 షెకెలులు = 56 కిలోలు. దీపవృక్షం, ఒక తలాంతు = 33 కిలోల 200. వాడి ఈటె మొన కూడా అయింది!

20, మంగళ
మూడు! నా భార్య సారక్క: "గీ తెలివి బడిల ఉంటె సారువయ్యేటోనివి."

21, బుధ
ఒక్కటే. రోడ్డు మీద వంటావార్పు. బియ్యం తూచమన్నారు. తెలంగాణ కోసం కాదనగలనా?

22, గురు
సున్నా. కరెంటు లేదు. (పగలే కదా అని సారక్క.)

23, శుక్ర
సున్నా. పెన్ను రాయలేదు. రేపు మిగతా పదకొండూ కొట్టేస్తాను.

24, శని
బస్సుల్లేవు. ఇవాళ రైల్ రోకో. మీరు మీ ఊరు మానుకోటలోనే ఆగిపోయారట. రేపు చెప్పేది నేనేనట! ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేవాణ్ణి, ప్రార్థన కూడా పైకి చేయను. జ్వరమన్నాను.
సారక్క నుదురు ముట్టి చూసింది. "సల్లగనే ఉన్నవ్ తీయ్."

25, ఆది
నిలబడ్డాను. పటం విప్పాను. "షెకెలు 11.4 గ్రాములు. కవచం ఐదు వేల షెకెలులు... యాభై ఆరు కిలోలు."
రైతు ఓదెమ్మ వేళ్లు మడిచి లెక్కేసింది. "యాభై ఏడు రావాలె గద దానియేలన్నా. కిలో ఏడవోయింది?"
"తరుగు," అనేశాను. తేమని, సంచి బరువని బస్తాకు కిలో కోయడం దుకాణంలో అలవాటు. ఇక్కడా కోశానని అప్పుడే తెలిసింది.
"రాగికి తేమేందే అన్నా!" మందిరమంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వబోయాను.
"నా వడ్లకు గూడ గిట్లనే తీస్తివి. ఎండబోసి తెచ్చినా తీస్తివి," అంది ఓదెమ్మ.
ఎవరూ నవ్వలేదు. కూర్చున్నాను.

26, సోమ
పటం అటకెక్కించాను. లెక్కలు చాలు. మందిరానికి కూడా కొన్నాళ్లు పోను.

27, మంగళ
ఉదయం 8: ఇంటి ముందు ఓదెమ్మ, మక్కజొన్నల బస్తా! "దుకాణం బంద్. జర నువ్వే తూచన్నా."
ఇంట్లో ఉన్న కాంటాకు తగిలించాను. ముల్లు 49 దగ్గర ఆగింది.
"నలభై..." అన్నాను. ఆమె నా నోరే చూస్తోంది. "...తొమ్మిది."
"ఏం తియ్యవా?"
"తియ్య."
"గట్లయితె వచ్చే ఆదివారం తక్కినయి చెప్పు. సగంల కూసుంటివి."
సాయంత్రం 5: కొత్త పటం. కవచం 57. దీపవృక్షం 34 కిలోల 200. ఇక రోజుకు మూడు కాదు, నాలుగు!
అయ్యగారూ, ఒక్క సందేహం. ఆ కాలం దడ్వాయిలు కూడా తరుగు తీసేవారా? తీస్తే, ఎలా మానుకున్నారు? మా పక్కింటి అజహర్ రేపు బండి మీద మీ ఊరొస్తున్నాడు, డైరీ ఇచ్చి పంపుతున్నాను. దుకాణం తెరిచేలోపే జవాబు రాసి పంపండి.