నాన్న సగంలో ఆపిన కథ

జూన్ 6

బంగారు అక్క రిహాబ్‌కి,

నీకు నెలలు నిండాయి కదా, కాసేపు నవ్వుకుంటావని రాస్తున్నా. నాన్న కిడ్నీల వైద్యానికి వారానికి రెండుసార్లు నాబ్లస్ వెళ్తున్నాం. ఇరవై నిమిషాల దారికి ఇప్పుడు నాలుగు గంటలు. సైనికులు రోడ్డుకి అడ్డంగా మట్టి పోశారు. టాక్సీ దిగి, ఆ దిబ్బ ఎక్కి దిగి, ఇంకో టాక్సీ పట్టుకుని, తనిఖీ గేటు దగ్గర క్యూలో నిలబడాలి. "ముప్పై ఏళ్ళు పిల్లలకి భూగోళం చెప్పాను. ఇక్కడో కొండ ఉందని ఒక్కసారీ చెప్పలేదు. వాళ్ళ మార్కులన్నీ వెనక్కి తీసుకోవాలే" అంటాడు నాన్న, దిబ్బ మీద ఆయాసపడుతూ.

మొన్నొక సైనికుడు, ఒంటి మీద బాంబు ఉందేమోనని, దూరం నుంచే నాన్నకి తుపాకీ చూపించి చొక్కా ఎత్తమన్నాడు, చుట్టూ తిరగమన్నాడు. నాన్న పొట్ట చూపిస్తూ మెల్లగా తిరిగి, "పెళ్ళికి ముందు మీ అమ్మ తరఫువాళ్ళు కూడా నన్నింత పరీక్షగా చూడలేదమ్మా" అన్నాడు. క్యూ అంతా నవ్వింది. మన భాష రాని ఆ కుర్రాడు ఏమీ అర్థంకాక ఇంకోసారి తిరగమన్నాడు.

నాన్న బాగున్నాడు. దిగులు పెట్టుకోకు.

నీ ఇతాఫ్

జూన్ 27

అక్కా,

పాప పుట్టిందనీ, ఇద్దరూ క్షేమమనీ బావ ఫోన్ చేశాడు. ఇక దాచలేను. ఫోన్లో నోరు పెగలదు, అందుకే రాస్తున్నా. నీకు పోయినసారి ఉత్తరం రాసేటప్పటికే నాన్న పోయి మూడు రోజులైంది. అందులోని మాటలన్నీ ఆయనవే. బాగున్నాడన్నది మాత్రం నా అబద్ధం.

అంతకుముందు రెండుసార్లు మమ్మల్ని గేటు దగ్గర్నుంచే తిప్పి పంపేశారు. వారం పైగా ఆయన రక్తం శుభ్రం కాలేదు. ఆ రోజు కాళ్ళు వాచి బూట్లు పట్టక, చెప్పులతో వచ్చాడు. పది గంటలకి గేటు మూసేశారు. ఎందుకో చెప్పేవాళ్ళు లేరు. ఆసుపత్రి కాగితం పట్టుకుని ముందుకెళ్తే, వెనక్కి పొమ్మని సైనికుడు అరిచాడు. టమాటాలమ్మే ఉమ్ ఫవాజ్ తన పెట్టె బోర్లించి నాన్నని గోడవార కూర్చోబెట్టింది. "మాస్టారూ, ఏదన్నా చెప్పండి, ఈ ఎండ మర్చిపోతాం" అంది.

గాడిద మీద పెళ్ళికూతుర్ని ఇలాంటి గేటు గుండా తెచ్చుకుంటున్న ఒకాయన కథ నాన్న మొదలుపెట్టాడు. "అప్పుడు సైనికుడు పెళ్ళికొడుకుని ఏమడిగాడంటే..." అని ఆగాడు. అసలు నవ్వొచ్చే చోట ఆగడం ఆయనకి అలవాటే కదక్కా. మేం ముందే నవ్వేస్తున్నాం, నేను అందరికంటే గట్టిగా. "చెప్పు నాన్నా, ఏమడిగాడు?" అన్నాను. తల గోడకి ఆనించి ఉన్నాడు. మళ్ళీ అడిగాను. ఉమ్ ఫవాజ్ నవ్వడం మానేసి నా చెయ్యి పట్టుకుంది.

నాన్న ప్రాణం పోతుంటే నేను నవ్వుతున్నాను. అప్పట్నుంచి ఎవరు నవ్వినా అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతున్నాను. నన్ను తిట్టక్కా.

ఇతాఫ్

అమ్మాన్, జూలై 12

నా చిట్టి ఇతాఫ్,

నాకు తెలుసు. నాన్న పోయిన మర్నాడే చిన్నాన్న మీ బావకి చెప్పాడట. మీ బావ దాచబోయాడు, ఆయన ముఖం చూసి నేనే చెప్పించాను. ఆ తర్వాత, నాన్న బాగున్నాడన్న నీ ఉత్తరం వచ్చింది. నాకోసం నువ్వొక్కదానివే అంత మోస్తున్నావని తెలిసి, నీ మాట నమ్మినట్టే ఉండిపోయాను. తప్పు చేశాను. అప్పుడే ఫోన్ చేసి నీతో కలిసి ఏడవాల్సింది. సరిహద్దు వంతెన దాటి అక్కడికి రావడానికి రెండుసార్లు అర్జీ పెట్టాను, కుదరదన్నారు. మళ్ళీ పెడతాను.

తిట్టమన్నావు. అమ్మ కొనఊపిరితో ఉన్న రోజు మనం ఆమె మంచం మీద వాలి ఏడుస్తుంటే, "వద్దమ్మా, ఆమెకి వినపడుతుంది, భయపడుతూ వెళ్తుంది" అని నాన్న ఎంత బతిమాలాడు. ఏడుపు ఆపుకోవడం మనవల్ల కాలేదు. నాన్న దగ్గర నేనుంటే అలాగే ఏడ్చి ఆయన్ని భయపెట్టేదాన్ని. ఆయన చివరగా విన్నది నీ నవ్వు. నాకు దక్కనిది నీకు దక్కింది. అందుకు నిన్ను తిట్టలేనే పిచ్చిదానా.

మీ అక్క రిహాబ్