నాలుగు చక్రాలూ ఒరిజినలే!

చిరంజీవి నట్టుకి,

పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ పెద్దమ్మా క్షేమం. కారు ఒంట్లోనే బాగాలేదు.

నువ్వు పాత కార్లకి డిస్క్ బ్రేకులు బిగించే వర్క్‌షాపు పెట్టావని మీ నాన్న రాశాడు. చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను! చిన్నప్పుడు మా ఇంట్లో ప్రతి కుర్చీకీ నట్లు విప్పి, నన్ను మూడుసార్లు నేలమీద కూలేసిన పిల్లవి. నీకు ఆ పేరు పెట్టింది నేనే కదా!

మన ఇల్లు మెట్ట మీద, నా గడియారాల కొట్టు దిగువన. మధ్యలో అరమైలు వాలు. దర్జీ కొట్టు దగ్గర బ్రేకు తొక్కితే మన బండి పోస్టాఫీసు దగ్గర ఆలోచన మొదలుపెడుతుంది, నా కొట్టు దాటాక ఆగుతుంది. వానపడితే ఆ ఆలోచన కూడా చెయ్యదు. ముందు చక్రాలకి వెంటనే డిస్కులు పెట్టాలి. వెంటనే!

షరతు ఒక్కటే. చక్రాలు మార్చడానికి వీల్లేదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున ఏ చక్రాల మీద ఉందో వాటి మీదే ఉంది. నాలుగూ ఒరిజినలే. వాటిని ఏ షెడ్డుకీ పంపను, బయటి మెకానిక్కు చెయ్యి పడనివ్వను.

ఇట్లు,
నీ గడియారాల పెదనాన్న

తా.క.: డిస్కులు పెట్టిస్తున్నానంటే మీ పెద్దమ్మ, "పాత పాటలా, కొత్తవా?" అని అడిగింది.

*

పెదనాన్నగారికి,

నట్టు నమస్కారాలు. మీ ఉత్తరం వర్క్‌షాపులో అందరికీ చదివి వినిపించాను. మేమంతా వెల్డింగు బాబాయి అని పిలిచే మా వెల్డరు చప్పట్లు కొట్టాడు. అరవై ఏళ్ళ కారు, ఒరిజినల్ చక్రాలు! మా చేతులు దురద పెడుతున్నాయి.

పని ఇదీ. పాత డ్రమ్ము బ్రేకులు తీసేసి, వాటి చోట చక్రంతో పాటు తిరిగే డిస్కు, అంటే ఇనప పళ్ళెం, పెడతాం. దాన్ని రెండు వైపులా పట్టి నొక్కే ఇనప పిడికిలి ఒకటుంటుంది, దాన్ని కాలిపర్ అంటాం. చిక్కంతా దాంతోనే. అది చక్రం కడుపులో ఇమడాలి, తిరిగేటప్పుడు ఎక్కడా రాసుకోకూడదు. అందుకని చాలామంది పెద్ద చక్రాలు వేయించేస్తారు. మీరు వద్దన్నారు కాబట్టి లోపలి చక్రం కొలత సరిగ్గా కొలిచి పంపండి.

మీ
నట్టు

తా.క.: సిలిండర్ మాత్రం తప్పకుండా మార్చాలి. పాతది చాలా ప్రమాదం. ఎక్కడ కారినా అంతా పోతుంది!

*

చిరంజీవి నట్టుకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం ముందు మీ పెద్దమ్మ చేతిలో పడింది. ఆవిడ ఏ ఉత్తరమైనా తాజా కలం నుంచి మొదలుపెడుతుంది. నేను కొట్టు నుంచి వచ్చేసరికి వంటగ్యాసు సిలిండర్ నడివీధిలో ఉంది. గ్యాసు కంపెనీ వాళ్ళు ఇద్దరు దాని చుట్టూ తిరుగుతూ వాసన చూస్తున్నారు. పక్కింటివాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని మేడ దిగిపోయారు.

"ఇంజనీరు పిల్ల ఊరికే రాస్తుందా! అంతా పోతుందని రాసింది!" అంటుంది మీ పెద్దమ్మ.

అది బ్రేకు నూనెని చక్రాలకి తోసే సిలిండరని నచ్చజెప్పడానికి గంట పట్టింది. ఆ పూట చల్లన్నమే తిన్నాం.

సరే, నువ్వడిగిన కొలత. లోపలి చక్రం అడ్డంగా పదహారున్నర అంగుళాలు. ఇక డిస్కులు బిగించడమే తరువాయి, కానివ్వు!

ఇట్లు,
పెదనాన్న

తా.క.: చక్రం మీద తోలు తొడుగుంది. కొలతలో దాన్ని కలపలేదు.

*

పెదనాన్నగారికి,

నమస్కారాలు. తోలు తొడుగన్నది చదివాక గానీ అర్థం కాలేదు. మీరు కొలిచింది స్టీరింగ్! లోపలి చక్రం అంటే కారు లోపలున్న చక్రం కాదు, చక్రం లోపలి భాగం! బాబాయి నవ్వి నవ్వి వెల్డింగు అద్దాలు పగలగొట్టుకున్నాడు.

పోనివ్వండి. మీ కారు మోడల్‌కి ఫ్యాక్టరీ ఇచ్చినవి పదిహేను అంగుళాల చక్రాలని మా పుస్తకంలో ఉంది. వాటికి సరిపోయే సెట్టు మా దగ్గర సిద్ధంగా ఉంది! కాలిపర్ ఆకారంలో అట్ట కత్తిరించి దీంతో పంపుతున్నాను. చక్రం విప్పి, అట్టని లోపల ఆనించి గుండ్రంగా తిప్పండి. చుట్టూ చిటికెన వేలంత సందు ఉంటే మనం గెలిచినట్టే.

మీ
నట్టు

తా.క.: పెద్దమ్మా, ఈసారి నీకు భయపడాల్సింది ఏమీ రాయలేదు. అట్ట పేలదు.

*

చిరంజీవి నట్టుకి,

ఆశీస్సులు. నీ అట్ట పనికిరాదు. చక్రంలో పెడితే తిరగడం మాట అటుంచు, దూరనే లేదు. అర అంగుళం ఎక్కువైంది. తప్పు అట్టది. నా చక్రాలది కాదు. నీ కాలిపర్‌ని ఆ అర అంగుళం మేర ఆకురాయితో అరగదీసి పంపు, సరిపోతుంది.

నేను మళ్ళీ కొలవాలని రాయకు. నలభై ఏళ్ళుగా వెంట్రుకంత స్ప్రింగులు కంటితో చూసి సరిచేస్తున్నవాణ్ణి. నా చేతిలో కొలత తప్పదు.

ఇట్లు,
పెదనాన్న

తా.క.: నీ అట్టని మీ పెద్దమ్మ ఊగే బల్ల కాలి కింద పెట్టింది. ఇన్నాళ్ళకి మా ఇంట్లో ఏదైనా స్థిరంగా నిలబడింది. ఆ మేరకు నీ ఇంజనీరింగుకి జోహారు.

*

పెదనాన్నగారికి,

నమస్కారాలు. కాలిపర్ని అరగదియ్యడమా! అది మనిషి ప్రాణాన్ని పట్టి ఆపేది. సన్నబడితే వాలులో పగిలిపోతుంది. ఈ మాట మీరు కాక ఇంకెవరన్నా అంటే వర్క్‌షాపు గేటు చూపించేదాన్ని.

మీకు నలభై ఏళ్ళ అనుభవం. సరే. నాదీ పన్నెండేళ్ళ పని. నా అట్ట తప్పు కాదు. మీ కొలతన్నా తప్పయి ఉండాలి, ఆ చక్రాలు ఆ కారువన్నా కాకుండా ఉండాలి. మూడో దారి లేదు.

ఆదివారం నేనూ బాబాయీ వస్తున్నాం. నాలుగూ విప్పేద్దాం. ప్రతి చక్రం లోపలా ఫ్యాక్టరీ గుద్దిన ముద్ర ఉంటుంది. మట్టి గీకి చూస్తే తేలిపోతుంది. పెద్దమ్మని పక్కనే నిలబెడతాను, సాక్షిగా!

మీ
నట్టు

తా.క.: బ్రేకు గొట్టాల్లో గాలి తియ్యడానికి ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. పెద్దమ్మకి ఏది బ్రేకో ముందే కాస్త చూపించి ఉంచండి.

*

బంగారు తల్లీ నట్టూ,

పెద్దమ్మ ముద్దులు. మీ పెదనాన్న కొట్టులో ఉన్నారు. ఆయన వచ్చేలోపు ఇది పోస్టులో పడాలి, అందుకని గబగబా రాస్తున్నాను.

ఆదివారం రా, కానీ ఆ ముద్ర గీకొద్దు. నీ అట్ట తప్పు కాదమ్మా. తప్పు నాది.

ఇరవై రెండేళ్ళ క్రితం పక్క ఊరి గంటస్తంభం ఆగిపోతే బాగుచెయ్యడానికి ఆయన పది రోజులు వెళ్ళారు. ఆ పది రోజుల్లో కారు నేర్చేసుకుని, ఆయన దిగే బస్సుకి ఎదురెళ్ళి, "ఎక్కండి" అందామనుకున్నాను. ఎంత సరదా పడ్డానో! నేర్పడానికి మన దర్జీ వాళ్ళ తమ్ముడు ఒప్పుకున్నాడు. మూడో రోజున కల్వర్టు గోడ నాకెదురొచ్చింది. అదే నాకెదురొచ్చిందని ఇప్పటికీ నా వాదన. ఒక పక్క రెండు చక్రాలూ అప్పడాల్లా వంకరపోయాయి. మెకానిక్కు అదే కంపెనీవాళ్ళ తర్వాతి మోడల్ కారు నుంచి నాలుగు తెచ్చి వేశాడు. "ఒక అంగుళం చిన్నవమ్మా, పైన చక్రం మధ్యలో ఉండే పాత మూత బిళ్ళలు బిగిస్తే బ్రహ్మకి కూడా తెలీదు" అన్నాడు. నిజంగానే ఆయనకి తెలీలేదు. వచ్చినవాళ్ళందరికీ "నాలుగూ ఒరిజినలే" అని ఆయన చూపిస్తుంటే నేను వంటింట్లోకి వెళ్ళి ఉత్తినే గిన్నెలు చప్పుడు చేస్తాను.

ఈ వయసులో ఆయన గర్వం పోగొట్టకు. ఆ తర్వాత నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. పోనీ, ఎక్కువగా ముట్టుకోలేదు.

నీ
పెద్దమ్మ

తా.క.: పెడళ్ళు ఏవేవో నాకు తెలియాలని నిన్న ఆయన కాగితం మీద మూడు బొమ్మలు గీసి అరగంట చెప్పారు. ఎంత శ్రద్ధగా విన్నానో చూడాల్సింది. బొమ్మలో క్లచ్చు తప్పు వైపు గీశారు. సరేనని తలూపాను.

*

పెదనాన్నగారికి,

నమస్కారాలు. రెండు చెవులూ పట్టుకుని క్షమాపణ అడుగుతున్నాను. తప్పు మాదే! మా పుస్తకం ఆఖరి పేజీ అతుక్కుపోయి ఉంది. విప్పితే మీ మోడల్‌లో కొన్ని కార్లకి ఫ్యాక్టరీయే పధ్నాలుగు అంగుళాల చక్రాలు ఇచ్చిందని ఉంది. మీ కొలత వెంట్రుకవాసి కూడా తప్పలేదు.

చిన్న డిస్కు, చిన్న కాలిపర్ కలిపి కొత్త సెట్టు తయారుచేశాం. అలాంటి చక్రాలు సంపాదించి అందులో తిప్పి చూశాం. చుట్టూ చిటికెన వేలంత సందు! బాబాయి ఎగిరి గంతేశాడు. ముద్రలు చూడాల్సిన అవసరమే లేదు. ఆదివారం బిగించేస్తాం.

మీ
నట్టు

తా.క.: ఆ అతుక్కున్న పేజీ చూపించమని మాత్రం అడక్కండి. విప్పేటప్పుడు చిరిగిపోయింది.

*

చిరంజీవి నట్టుకి,

పెదనాన్న మనసారా ఆశీస్సులు. ఆదివారం మీరు బస్సెక్కేదాకా మీ పెద్దమ్మ నన్ను వదల్లేదు. నీతో ఒంటరిగా ఒక్క మాట మాట్లాడ్డానికి వీలుపడలేదు. అందుకని రాస్తున్నాను.

అతుక్కున్న పేజీ అంటూ ఏదీ లేదని నాకు తెలుసు. మీ పెద్దమ్మ నీకు రాసే ఉంటుంది.

గంటస్తంభం బాగుచేసి వచ్చిన నెలలోనే నాకు తెలిసింది. ఇల్లూ కొట్టూ తిరగడానికి నెలకి ఇరవై ఆరు మైళ్ళు చూపించే మీటరు ఇరవై ఎనిమిది చూపించింది. దారి పెరగదు కదా! చక్రం చిన్నదైతేనే ఎక్కువసార్లు తిరుగుతుంది. పళ్ళ చక్రాల మధ్య బతికేవాడికి ఆ మాత్రం తెలియదా? తనే చెబుతుందని ఎదురుచూశాను. ఏడాది గడిచాక అడగడానికి నాకు సిగ్గేసింది. ఆ తర్వాత నలుగురిలో ఎవరన్నా "ఇవి ఈ కారువి కావే" అంటారేమోనని, ఎవరూ నోరు తెరవకముందే "నాలుగూ ఒరిజినలే" అని నేనే అందుకునేవాణ్ణి. బయటి మెకానిక్కుని ముట్టుకోనివ్వనన్నదీ అందుకే. నీకు స్టీరింగ్ కొలత పంపిందీ అందుకే. నాకు స్టీరింగేదో చక్రమేదో తెలియదనుకున్నావా తల్లీ?

డిస్కులు నా కోసం అడగలేదు. గురువారాలు డాక్టరు నడవమన్నాడని చెప్పి కొట్టుకి నడిచి వెళ్తాను, అది అబద్ధం. ఆ రోజు కారు ఇంట్లో ఉంటే, మీ పెద్దమ్మ దిగువనున్న వాళ్ళక్కని చూసి వస్తుంది. ఎన్నో ఏళ్ళుగా మా కొట్టు కిటికీ పక్క నుంచే వెళ్తుంది. వంచిన తల నేను ఎత్తను. కిందటి నెల ఒక గురువారం వానలో బ్రేకు తొక్కిన చోట బండి ఆగలేదు. కూడలిలో లారీకి జానెడు దూరంలో ఆగింది. చేతిలో ఉన్న గడియారం కింద పడేశాను. నలభై ఏళ్ళలో అదే మొదటిసారి. ఆ సాయంత్రమే నీకు మొదటి ఉత్తరం రాశాను.

నిన్న గురువారం. వాన. కిటికీ దగ్గర నిలబడ్డాను. కారు వాలు దిగుతూ వచ్చింది. దర్జీ దగ్గర బ్రేకు పడింది. దర్జీ దగ్గరే ఆగింది! గీత గీసినట్టు! లోపల మీ పెద్దమ్మ ఒక్కతే, స్టీరింగ్ మీద రెండు చేతులూ కొట్టి పకపకా నవ్వుతోంది. కొట్టులో ఎవరూ లేరు. నేనూ గంతేశాను నట్టూ, మీ వెల్డింగు బాబాయి గంతేసినట్టే!

నీ చేతులు చల్లగా ఉండాలి.

ఇట్లు,
నీ పెదనాన్న

తా.క.: నాకు తెలుసని ఆవిడకి రాయకు. తెలిస్తే మానేస్తుంది. ఈ ఉత్తరం కవరు అంటించి బల్ల మీద పెట్టి, పొద్దున పోస్టులో వేస్తానంటే, "మీకెందుకు శ్రమ, నేను నడిచి వెళ్ళి వేసొస్తాను" అని తీసుకుంది. తాజా కలం మర్చిపోయానని కవరు మళ్ళీ అడిగి ఇది రాశాను. తీసుకుంటూ చూశాను. నడిచి వెళ్ళే మనిషి చేతిలో కారు తాళాలెందుకో!