బాబాయ్ గారి గిటార్ పాఠం

బాబాయ్ గారికి,

కెనడాలోని రెజైనా నుంచి మీ అన్నగారి పిల్లలం ముగ్గురం వందనాలు చెబుతున్నాం. ఫోన్ చేస్తే మీరు మధ్యలో ప్రార్థన అందుకుంటారని ఉత్తరం రాస్తున్నాను.

ఇక్కడి రేడియోవాళ్లు మా బ్యాండ్‌కు స్ఫూర్తి ఎవరని అడిగారు. తమ్ముడు డేవిడ్‌సన్, "మా బాబాయే, ఒళ్లో కూర్చోబెట్టుకుని గిటార్ నేర్పారు" అనేశాడు. సినిమా పాట వాయించామని మీరు ఆ గిటార్‌ను గుమ్మానికేసి కొట్టిన సంగతి వాడికి గుర్తు రాలేదట. ఇప్పుడు వాళ్లు శనివారం మీతో వీడియోలో మాట్లాడతారట. ఆ గిటార్‌ను కూడా చూస్తారట.

మీరు అబద్ధమాడరని తెలుసు. కానీ మా పాటలు చర్చిలో వినిపించి, "అంతా నా శిక్షణే" అంటున్నారని పిన్ని చెప్పింది. ఆ మాటే వీళ్లకీ చెప్పండి. విరిగిన ముక్కలు అటక మీద ఉంటే చూపించండి, మన సంప్రదాయ వాద్యమనుకుంటారు.

ఒక్కటి మాత్రం నిజం. ఆ రోజు మీరు అటు వెళ్లగానే చెల్లి షెర్లీ రెండు ముక్కలు ఏరుకుని బిందె మీద దరువేసింది. ఏడుస్తూనే మేమిద్దరం పాట అందుకున్నాం. మేం ముగ్గురం కలిసి వాయించడం అదే మొదలు.

మీరు నేర్పలేదని ఎలా అంటాం?

మీ అన్నగారి పెద్దబ్బాయి