మొదటి ఆకూ చివరి ఆకూ

నవంబర్ 4, మంగళవారం

అమ్మ పెళ్లి. రాసి చూసుకుంటే నాకే నవ్వొస్తోంది. జన్మంతా సిటీ బస్సు నడిపి రిటైరైన మా అమ్మ, మా వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన్ని పదహారో తేదీ ఆదివారం పెళ్లాడుతోంది. ఆ రోజు భోజనాలకి టేబుల్ నేనే చేసిస్తానని నోరు జారాను. చుట్టూ ఆకుల తీగ చెక్కి మరీ ఇస్తానన్నాను. చెక్కాల్సిన కంప్యూటర్ మెషీన్, నేనే బిగించుకుంటున్నది, ఇంకా కళ్లే తెరవలేదు. ఆలు లేదు చూలు లేదు అనే సామెత నాలాంటివాళ్ల కోసమే పుట్టింది.

నవంబర్ 6, గురువారం

మెషీన్ కదిలింది! షెడ్డులో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టుకున్నాను.

ఒక్కో మోటారుకీ ఒక చిన్న పెట్టె. దాన్ని డ్రైవర్ అంటారని నిన్న చెబితే, అదీ తన యూనియన్ మెంబరే అన్నట్టు చూసింది అమ్మ. కంప్యూటర్ ఆ డ్రైవర్‌కి ఒక వైరు మీద ఎటు వెళ్లాలో చెబుతుంది, ఇంకో వైరు మీద అడుగెయ్యమంటుంది. సాఫ్ట్‌వేర్ టైమింగ్ అడిగితే డ్రైవర్‌తో వచ్చిన కాగితం చూస్తూ అంకెలన్నీ కొట్టేశాను. మధ్యలో అమ్మ ఫోన్, పెళ్లికి ఏ రంగు చెప్పులు బాగుంటాయని. తర్వాత నిలువు గీతలు గీయించాను. వెంట్రుకవాసి తేడా లేదు.

నవంబర్ 9, ఆదివారం

పాత ప్లైవుడ్ మీద ఆకుల తీగ ట్రయల్. అంచు వెంబడి చుట్టూ తిరిగొచ్చి, చివరి ఆకు మొదటి ఆకుని తాకాలి. వేలెడు పక్కకి పోయింది.

నవంబర్ 10, సోమవారం

బెల్టు బిగించాను. స్క్రూలు బిగించాను. పళ్లు కూడా బిగించాను. మళ్లీ వేలెడు.

నవంబర్ 11, మంగళవారం

నున్నటి టేబుల్ చాలంటోంది అమ్మ. తినేది అన్నం గానీ ఆకులు కాదట. గడియారాలాయన కూడా తలూపారు. ఒళ్లు మండింది. ఇన్నేళ్లూ డ్యూటీ మధ్యలో డిపో గోడకి ఆనుకుని నిలబడే, డబ్బాలోంచి తింది అమ్మ. ఒక్క రోజైనా తనకోసమే చేసిన టేబుల్ ముందు కూర్చుని తినాలి. నాకు కావాలి అది. టేకు చెక్క తనే ఎంచుకుంది. ఒక్కటే ఉంది, పాడుచేస్తే ఇంకోటి దొరకదు.

నవంబర్ 13, గురువారం, సాయంత్రం

తప్పు దొరికింది! గబగబా రాస్తుంటే అక్షరాలు ఎటో పోతున్నాయి, పోనీ.

ఆయన సామాను అమ్మ ఇంటికి చేరుస్తున్నాం. మెట్ల మీద చెక్క బీరువా, పైన నేను, కింద ఆయన. అమ్మ గుమ్మంలో నిలబడి బస్సు రివర్స్ చేయిస్తున్నట్టు చేతులూపుతోంది. పెళ్లికొడుక్కి తొందరెక్కువ. అమ్మ నోట్లో మాట ఉండగానే తోసేస్తున్నారు. కుడికి తిప్పమన్న ప్రతిసారీ బీరువా వెళ్లి ఎడమ గోడకే కొట్టుకుంటోంది. అమ్మకి చిర్రెత్తుకొచ్చింది.

“ఏమండీ, ఎటో చెబుతున్నా కదా. అది విని, ఒక్క క్షణం ఆగి, అప్పుడు తొయ్యండి.”

బీరువాని మెట్టు మీద దించేసి షెడ్డుకి పరిగెత్తాను. వెనక ఆయన అమ్మాయ్, అమ్మాయ్ అంటూనే ఉన్నారు పాపం.

దిక్కు మార్చాక, అడుగుకి ముందు డ్రైవర్‌కి ఇవ్వాల్సిన గడువు ఐదు మైక్రోసెకన్లు. సాఫ్ట్‌వేర్‌లో నానోసెకన్లలో ఇవ్వాలి, అంటే 5000. మిగతావాటికి బుద్ధిగా సున్నాలు పెట్టాను, దీనికి మాత్రం ఉత్త 5 కొట్టాను. చెప్పుల రంగు మహిమ! కుడికి అని వినేలోపే అడుగెయ్యమంటే, నా డ్రైవర్ పాపం ఎడమకే వేసేది. నిలువు గీతల్లో మలుపుల్లేవు కాబట్టి బయటపడలేదు. ఆకు అంటేనే మలుపులు. తప్పటడుగులన్నీ పోగై వేలెడయ్యాయి. సున్నాకి విలువ లేదన్నవాణ్ణి నా ముందుకి తీసుకురండి.

మూడు సున్నాలు చేర్చి రన్ నొక్కాక బీరువా గుర్తొచ్చింది. వెళ్లి చూస్తే ఇద్దరూ మెట్ల మీద దానికి వీపులానించి కూర్చున్నారు. దేనికో పగలబడి నవ్వుతున్నారు. నన్ను చూసి కూడా లేవలేదు.

అదే రోజు, ఏడు గంటలకి

ప్లైవుడ్ మీద ఆకులు కలిశాయి. అమ్మ అంచంతా వేలితో తడిమి, మొదటి ఆకు ఏదని అడిగింది. నేనూ చెప్పలేకపోయాను.

నవంబర్ 15, శనివారం

టేకు మీద చెక్కాను. కలిసింది. ఏడ్చాను, హాయిగా.

నవంబర్ 16, ఆదివారం

ఎవరో మహానుభావులు నా టేబుల్ మీద తెల్ల గుడ్డ పరిచేశారు. పెళ్లిపూట గొడవెందుకని ఊరుకున్నాను. అమ్మ ఒక్క ముద్ద తిని, అందరినీ ప్లేట్లు చేతుల్లోకి తీసుకోమని, గుడ్డ లాగేసి మళ్లీ కూర్చుంది.

అందరూ లేచి చేతులు కడుక్కున్నారు. అమ్మ ఇంకా తింటోంది.