మధ్యలో ఆపేసిన మాత్రలు

ఇందిరాపురం,
సెప్టెంబరు 18.

చి.ల.సౌ. కృష్ణకుమారికి,

ఇక్కడ నేనూ, మన అమ్మాయి భానూ క్షేమం. ఇవాళ్టికి ఆ మాట ధైర్యంగానే రాస్తున్నాను. మోకాలి ఆపరేషన్ తర్వాత, నువ్వు సాయంగా వెళ్ళిన మీ అక్క రాజేశ్వరమ్మగారు కర్ర లేకుండా నాలుగడుగులు వేస్తున్నారని రాశావు, సంతోషం. నీకు ఫోన్‌లో సగం మాటలు వినపడవు. నేను గట్టిగా చెబితే పక్కగదిలో భాను వింటుంది. అందుకే ఉత్తరం.

బి.పి. మాత్ర మానకుండా వేసుకుంటున్నాను. వంట దీదీకి చారు పెట్టడం వచ్చేసింది గానీ, అందులో చక్కెర వెయ్యొద్దంటే వినదు. భాను గొంతు నీరసంగా ఉందేమని అడిగావు. జలుబని చెప్పాను. జలుబు కాదు, మలేరియా. కంగారుపడకు, తగ్గింది.

పోయిన నెల డ్యూటీ మీద ఎంటెబీ వెళ్ళింది. ఆఫ్రికాలో ఊరు. విమానంలో పనిచేసేవాళ్ళని ఒక రాత్రి అక్కడే హోటల్లో ఉంచుతారు. చీకటి పడ్డాక అందరూ కలిసి హోటల్ తోటలో కూర్చుని భోంచేశారట. తిరిగొచ్చిన పన్నెండో రోజున చలి, జ్వరం. ఇక్కడ ఏ ఫ్లాట్‌లో చూసినా డెంగ్యూ. మన వీధి క్లినిక్ డాక్టరు ఆ పరీక్షే చేయించి, అది కాదని తేలాక వైరల్ అని పారాసిటమాల్ ఇచ్చాడు. ఎక్కడికైనా వెళ్ళొచ్చావా అని ఆయన అడగలేదు, మేమూ చెప్పలేదు. మూడోరోజు పిల్ల నా చెయ్యి పట్టుకుని, "సార్, సీట్ బెల్ట్ పెట్టుకోండి" అంది. నన్ను ప్రయాణికుడనుకుని పలవరిస్తోంది.

అంతలో దాంతో పనిచేసే వైశాలి ఫోన్ చేసింది. "అంకుల్, ఎంటెబీ వెళ్ళొచ్చిందని డాక్టర్‌కి చెప్పారా?" అంది. వెంటనే క్యాబ్‌లో నోయిడా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. గంటలో తేల్చారు. నాలుగు రోజులు ఉంచారు.

ఇక అసలు సంగతి. ఎంటెబీ లాంటి ఊళ్ళకి వెళ్ళేవాళ్ళకి మలేరియా రాకుండా మాత్రలిస్తారు. వెళ్ళే ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక కూడా వారం వేసుకోవాలి. దీనికి అవి పడక కడుపులో తిప్పేది. వచ్చిన రెండో రోజు వాంతి చేసుకుంటుంటే చూడలేక, "ఆ ఊరు వదిలేసి వచ్చావుగా, ఇంకా ఎందుకమ్మా" అన్నాను. మానేసింది. దోమ అక్కడ కుట్టినా జ్వరం ఇంటికొచ్చాక బయటపడుతుందని, ఆ వారం మాత్రలు అందుకేనని ఆసుపత్రిలో చెప్పాకే నాకు తెలిసింది.

"మాత్రలు పూర్తిగా వేసుకున్నావా?" అని అక్కడి డాక్టరు అడిగాడు. "ఒకటి రెండు మర్చిపోయాను" అంది భాను, నావైపు చూడకుండా. ఒకటి రెండు కాదు, ఐదు. మర్చిపోనూ లేదు. నేను పక్కనే నిలబడి నోరు విప్పలేదు. నన్ను కాపాడాలని అలా అందో, ఉద్యోగానికి ఇబ్బందని అందో ఎంత ఆలోచించినా తోచలేదు.

నిన్న ఉండబట్టలేక అడిగేశాను. "ఆపమన్నది నేనేగా, అలా చెప్పావేం?"

"నాన్నా, కొత్తగా చేరినవాళ్ళకి ఈ మాత్రల సంగతి చెప్పేది నేనే. నువ్వు అనగానే ఎందుకు మానేశానో నాకే తెలియట్లేదు" అంది.

నవంబరులో మళ్ళీ అక్కడికే వెళ్ళాలట. వద్దనాలా? వెళ్ళి, మాత్రలు చివరిదాకా వేసుకోమనాలా? నువ్వైనా ఆలోచించి రాయి. నేను ఏదంటే అదే చేసేస్తుందేమోనని, నోరు తెరవాలంటే భయమేస్తోంది.

ఇట్లు,
భాను వాళ్ళ నాన్న